మునిగిన ప్యూజో ఇంజన్ తీసి డీఐ ఇంజన్ ఎక్కించాం

మా బండి మహీంద్రా ఎఫ్‌సీ 160. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ముందు ముక్కు ఉండదు. డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, వెనకంతా తొట్టి. విల్లీస్ వాళ్ళు 1956లో అమెరికాలో ఈ ఆకారం తెస్తే, అరవైల్లో మహీంద్రా వాళ్ళు మన దగ్గర చెయ్యడం మొదలుపెట్టారు. దీని ఇంజన్ బానెట్ కింద ఉండదు. క్యాబిన్ లోపలే, డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్యన, రేకు పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె మీద టిఫిన్ క్యారియర్ పెడితే తోటకి చేరేసరికి కూడా పప్పు వేడిగానే ఉండేదని మా నాన్నమ్మ చెప్పేది. ఆ పెట్టె సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మాకు చుక్కలు చూపించింది అదే.

తాతయ్య కొన్నప్పుడు ఇది పెట్రోలు బండి. విల్లీస్ హరికేన్ ఇంజన్, 2.2 లీటర్లు. తాగుడు ఎక్కువ. 1979లో మహీంద్రా వాళ్ళు ఫ్రాన్స్ ప్యూజో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ తెచ్చాక, మన వైపు జీపులున్నవాళ్ళు చాలామంది పెట్రోలు ఇంజన్ దించేసి దాన్ని ఎక్కించుకున్నారు. తాతయ్య కూడా ఎనభైల్లో బెజవాడ ఆటోనగర్లోనే ఆ పని చేయించాడు. మార్చాక ఆర్సీలో కూడా డీజిల్ అని రాయించాడు. ఆ ఒక్క కాయితం లేకపోతే ఇప్పుడు నేను చెప్పబోయేదేదీ జరిగేది కాదు.

అప్పట్లో ఒక సంగతి ఆయనకెవరూ చెప్పలేదట. మా బండి వైపర్లు ఇంజన్ వాక్యూమ్‌తో తిరిగేవి. డీజిల్ ఇంజన్‌కి కార్బొరేటర్ ఉండదు, గాలిని బిగించే త్రాటిల్ పలక ఉండదు, కాబట్టి పెట్రోలు ఇంజన్‌లో పుట్టినట్టు వాక్యూమ్ పుట్టదు. ఇంజన్ మారిన మర్నాటి నుంచి వైపర్లు చచ్చాయి. కరెంటు వైపర్ మోటారు పెట్టించేదాకా వాన పడితే తాతయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుడ్డతో అద్దం తుడుచుకుంటూ నడిపాడని నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. ఇంజన్ మార్పు అంటే ఇంజన్ ఒక్కటే మారదు, దాన్ని పట్టుకుని బతికే చిన్నా చితకా అన్నీ కదులుతాయి.

బండి పని ఏంటంటే, నూజివీడు వైపు మాకున్న మామిడి తోట నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కి కాయ దించడం. సీజను కానప్పుడు ఎరువు, పైపులు, ఎవరింట్లోనన్నా పెళ్ళయితే షామియానా సామాను. ఇల్లు పాయకాపురంలో, బండి ఇంటి వెనక షెడ్డులో.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వాళ్ళకి ఆ రోజు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మేం పై అంతస్తులో ఉన్నాం. షెడ్డులో బండి స్టీరింగు దాకా నీళ్ళలో ఉంది, అది కూడా గంటో పూటో కాదు, రోజుల తరబడి. నీళ్ళు తీశాక చూస్తే సీట్ల మీద బురద వేలు లోతున పేరుకుపోయింది. బురద కడిగిన రోజు సాయంత్రం ఆటోనగర్ మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయన నాన్న వయసువాడు, మా బండికి చాలా ఏళ్ళుగా ఆయనే వైద్యం. నేను బాబాయ్ అనే పిలుస్తాను.

“సెల్ఫు కొట్టావా?” అన్నదే ఆయన మొదటి మాట.

“లేదు బాబాయ్.”

“కొట్టొద్దు. ఎవరు చెప్పినా కొట్టొద్దు. తోసి స్టార్ట్ చేద్దామంటే అసలే వద్దు. నీళ్ళు గాలిలాగా నొక్కితే నొక్కుడు పడవబ్బాయ్. పిస్టన్ పైకొచ్చిందంటే కనెక్టింగ్ రాడ్డే వంగుద్ది.”

మా వీధిలో ఒకాయన నీళ్ళు తగ్గగానే కారు తాళం తిప్పి చూశాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ బ్లాకుకి కిటికీలాగా కన్నం పడింది. ముంపు బండికి చెయ్యాల్సిన మొదటి పని బ్యాటరీ వైరు పీకెయ్యడం, రెండోది ఆయిల్ దించడం. మా ప్యూజో సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, దాని నట్టు విప్పితే ముందు నీళ్ళొచ్చాయి, తర్వాత పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిలొచ్చింది.

ఆ నెలల్లో ఆటోనగర్లో సందు దొరకలేదు. ఏ షాపు ముందు చూసినా ముంపు బళ్ళే, ఆటోలు, కార్లు, టాటా ఏస్‌లు వరసగా. మా వంతు వచ్చేసరికి సంక్రాంతి దాటింది. హెడ్డు దించి చూస్తే రెండు సిలిండర్లలో లైనర్ గోడలు తుప్పు పట్టి పిస్టన్ రింగులు అక్కడే అతుక్కుపోయి ఉన్నాయి. అదొక్కటే అయితే లైనర్లు, పిస్టన్లు మార్చుకుని సరిపెట్టుకునేవాళ్ళం. అసలు దెబ్బ ఇంజక్షన్ పంపు మీద పడింది. ఆ పంపు లోపల ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది. అక్కడికి బురద నీళ్ళు చేరి నెలలు కూర్చుంటే ఇక సానపట్టడానికి ఏమీ మిగలదు. పంపు బాగుచేసే షాపులో ఆయన విప్పి, చూసి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు.

ప్యూజోకి సామాను దొరకదని కాదు. దొరుకుతుంది. కానీ ఒకటి ఈ కొట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళో, మూడోది ఎవరో పాత జీపు విప్పినప్పుడు. ఏప్రిల్లో కాయ కోతకొచ్చే మనిషికి అట్లాంటి ఇంజన్ పనికిరాదు.

ఇక సలహాలు. మనూళ్ళో బండి ఆగితే సలహాలకి కొదవ ఉండదు. కొత్త స్కార్పియో కామన్ రైల్ ఇంజన్ వేసెయ్, ఎగిరిపోద్ది అన్నాడు మా బావమరిది. ఆ ఇంజన్‌తో పాటు దాని కంప్యూటరు, సెన్సార్లు, వైరింగ్ మొత్తం రావాలి, తాళంలో ఉండే చిప్పుతో సహా. అంతా వచ్చినా మా బండికున్నవి నాలుగు వైపులా డ్రమ్ము బ్రేకులు, ఎప్పుడో అరవైల్లో ఆలోచించిన బ్రేకులు. ఎగిరిపోయే బండిని ఆపేదెవరు? ఇంకొకాయన టాటా 407 ఇంజన్ అన్నాడు. 2956 సీసీ. లాగుడుకి తిరుగులేదు. కానీ వేరే కంపెనీ ఇంజన్ అంటే ఆర్సీ దగ్గర పేచీ, గేర్‌బాక్సు దగ్గర ఇంకో పేచీ.

బాబాయ్ మాత్రం మొదటి నుంచీ ఒకటే పాట. “డీఐ వేద్దాం. మహీంద్రా బండికి మహీంద్రా ఇంజను. నువ్వు నూజివీడులో ఆగిపోయినా, ఆగిరిపల్లిలో ఆగిపోయినా, టీకొట్టు పక్కన కొట్లో ఫిల్టరు దొరుకుద్ది.”

డీఐ (డైరెక్ట్ ఇంజక్షన్) ఇంజన్ గురించి కాస్త చెప్తాను, ఎందుకంటే దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఎక్కువ. 2523 సీసీ. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 88.9 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 101.6. ఈ అంకెలు ఇట్లా విడ్డూరంగా ఎందుకున్నాయంటే అసలు కొలతలు అంగుళాల్లో ఉన్నాయి. మూడున్నర అంగుళాల బోరు, నాలుగు అంగుళాల స్ట్రోకు. అది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రాక్టర్ ఇంజన్ వంశం. ఆ కంపెనీతో కలిసి మహీంద్రా వాళ్ళు 1963లో ట్రాక్టర్ల వ్యాపారంలోకి దిగారు. అదే వంశం తర్వాత జీపుల్లోకి, ఆపైన బొలేరోల్లోకి వచ్చింది. ప్యూజోది ఇంకో తత్వం. 90 బోరు, 83 స్ట్రోకు, 2112 సీసీ. పొట్టి స్ట్రోకు కాబట్టి 4500 దాకా తిరిగేది, గొంతు కూడా మెత్తన. డీఐ 3000 చుట్టుపక్కల ఆయాసపడుతుంది, ఖాళీగా నించున్నప్పుడు కూడా కటకటలాడుతుంది. కానీ కింద నుంచి లాగుతుంది. గుంటల తోట దారిలో, వెనక కాయ నిండా ఉన్నప్పుడు మాకు కావల్సింది అదే. హీటర్ ప్లగ్గుల గొడవ కూడా పోయింది. ప్యూజోకి పొద్దున్నే వాటిని వేడెక్కించి కాసేపు కూర్చోవాలి. డీఐకి తాళం తిప్పడమే.

ఇంజన్ ఆటోనగర్లోనే పాత ఇంజన్ల కొట్లో దొరికింది. తుక్కు కింద విప్పిన కమాండర్ జీపుది. టర్బో లేనిది కావాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే టర్బోకి మా పెట్టెలో చోటు లేదు. నేను చూసింది రంగు. కొత్తగా వెండి రంగు కొట్టి ముచ్చటగా ఉంది. బాబాయ్ ఆ రంగు వంకే చూడలేదు. కింద రెండు దుంగల మీద పెట్టి బ్యాటరీ తగిలించి, డబ్బాలోంచి డీజిల్ ఇచ్చి నడిపించమన్నాడు. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడి నుంచి పొగ బుసబుసా కొడితే రింగులు అయిపోయినట్టు. తర్వాత ఇంజన్ ఆపించి, ముందున్న క్రాంకు పుల్లీని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. టకటకమని ఆడితే థ్రస్ట్ బేరింగు పోయినట్టు. ఆయిల్ ప్రెషర్ గేజీ ఆయనే జేబులో తెచ్చుకున్నాడు. ఆ కొట్టువాడి మొహంలో ఈ ముసలాయన ఎక్కడ దొరికాడ్రా అన్నట్టు ఉంది. వేడెక్కాక కూడా సూది పడకుండా నిలబడ్డాక బేరం మొదలైంది. బెల్ హౌసింగ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ కలిపే గుల్ల), ఫ్లైవీల్, క్లచ్, సెల్ఫు, ఆల్టర్నేటర్, పంపు అన్నీ కలిపి 60 వేలకి తెగింది.

డబ్బులిచ్చే ముందు కాయితాలు. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను, కాయితాలు లేని ఇంజన్ ఊరికే ఇచ్చినా వద్దు. బ్లాకు మీద కొట్టిన నంబరు, ఆ జీపు ఆర్సీ రద్దయినట్టు ఉన్న పత్రంలోని నంబరు, కొట్టువాడు ఇచ్చే బిల్లులో నంబరు మూడూ ఒకటి కావాలి. నంబరు దగ్గర గ్రైండర్ పెట్టిన గీతలుంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. దొంగ బండి ఇంజన్ అయితే బండీ పోతుంది, మనమూ స్టేషన్ చుట్టూ తిరగాలి.

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఇట్లాంటి మార్పుల గురించే. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందు తీసుకోవాలి, మార్చాక 14 రోజుల్లోపు ఆర్సీతో సహా తెలియజెయ్యాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకి పొంతన లేకుండా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది, అప్పటి నుంచి పట్టింపు పెరిగింది. మాది అదే కంపెనీ ఇంజన్, అదే ఇంధనం, ఆర్సీలో ముందే డీజిల్ అని ఉంది. తాతయ్య రాయించిన ముక్క అక్కడ అక్కరకొచ్చింది. ఇవాళ పెట్రోలు ఆర్సీ ఉన్న బండికి డీజిల్ ఇంజన్ పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ఇంజన్ కొనకముందే ఆఫీసుకెళ్ళి అడగండి. మా దారి మీకు ఉంటుందని నేను అనను. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా కొత్త నంబరు తెలియజేశాం. రేపు ఏదన్నా జరిగితే పాలసీలో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు ఉంటే వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

అనుమతి చేతికొచ్చాక పని మొదలైంది. పాత ఇంజన్ దించడం పెద్ద విషయం కాదు. ఎఫ్‌సీలో పైకి లాగడానికి వీల్లేదు, పైన క్యాబిన్ కప్పు ఉంటుంది. పెట్టె తీసేసి, చైన్ బ్లాక్‌తో కాస్త లేపి, కింద నుంచి దించి ట్రాలీ మీద బయటికి లాగారు. ఒక పూట పని.

ఎక్కించడం దగ్గర బాబాయ్ పద్ధతి నాకు నచ్చింది. ఇంజన్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆయన ఆలోచించలేదు. గేర్‌బాక్సుని ఉన్నచోటే ఉంచాడు. మాది పాత టీ-90, మూడు గేర్లది, దాని వెనకే ఫోర్ వీల్ పెట్టె. గేర్‌బాక్సు కదిలితే ముందుకీ వెనక్కీ వెళ్ళే రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవులు మారతాయి, కోణాలు మారతాయి. పైగా ఎఫ్‌సీలో డ్రైవరు గేర్‌బాక్సుకి ముందు కూర్చుంటాడు కాబట్టి గేరు రాడ్డు వెనక్కి పోయి దాన్ని అందుకోవాలి. ఆ అమరిక చెడితే మళ్ళీ కుదరదు. ఆ కమాండర్ జీపు ఇంజన్‌తో పాటు వచ్చిన నాలుగు గేర్ల పెట్టె కూడా వేద్దామా అని నేనడిగితే, “ముందు ఒక పెళ్ళి చెయ్యనీ” అన్నాడు. అట్లా గేర్‌బాక్సుని స్థిరంగా ఉంచి, దానికి కొత్త ఇంజన్‌ని వేలాడదీసి, అది ఎక్కడ ఆగితే అక్కడికే ఫౌండేషన్లు, అంటే ఇంజన్‌ని ఛాసిస్ మీద మోసే బ్రాకెట్లు, తయారుచేశారు.

గేర్‌బాక్సుకీ ఇంజన్‌కీ మధ్య ముడి సరిగ్గా లేకపోతే మిగతా ఎంత బాగా చేసినా వృథా. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు కొన ఫ్లైవీల్ మధ్యలో ఉన్న బుష్‌లో కూర్చుంటుంది. పాత షాఫ్టు కొన లావు వేరు, కొత్త క్రాంకు రంధ్రం వేరు. లేత్ దగ్గరికెళ్ళి గన్‌మెటల్ బుష్ తిప్పించాం. తర్వాత బెల్ హౌసింగ్ బిగించి, ఫ్లైవీల్‌కి డయల్ గేజీ తగిలించి, చేత్తో ఇంజన్ తిప్పుతూ హౌసింగ్ రంధ్రం క్రాంకుకి సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూశారు. లేత్ ఆయన మిల్లీమీటర్లలో మాట్లాడడు, అన్నీ థౌలే. అంగుళంలో వెయ్యో వంతు. మొదట గేజీ సూది పన్నెండు థౌ ఊగింది. “ఐదు దాటితే నేనొప్పుకోను” అన్నాడు బాబాయ్. గైడు పిన్నులు తీసి, హౌసింగ్‌ని సుత్తితో ముద్దుగా తట్టి జరిపి, మళ్ళీ కొలిచి, నాలుగుకి తెచ్చాక కొత్త పిన్నులకి రంధ్రాలు వేశారు. ఈ పని చూసేవాడికి ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. కానీ ఇది వదిలేసిన బళ్ళలోనే రెండు నెలలకోసారి క్లచ్ ప్లేటు చిరగడం, గేరు జారిపోవడం, గేర్‌బాక్సు ముందు బేరింగు అరవడం. అప్పుడు కంపెనీ ప్లేట్లు బాగుండట్లేదని తిట్టుకుంటూ ఉంటారు.

ఫౌండేషన్ బ్రాకెట్లు ఛాసిస్‌కి వెల్డింగ్ కొడదామన్నాడు షాపులో కుర్రాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. ముంపు తర్వాత ఛాసిస్ గీకి చూస్తే ఒకటి రెండు చోట్ల పొరలు పొరలుగా లేచింది. అట్లాంటి చోట వెల్డింగ్ వేడి తగిలితే దాని పక్కనే పగులుతుందట. ఎనిమిది ఎమ్మెమ్ పలకతో బ్రాకెట్లు చేసి, లోపలి నుంచి ఇంకో పలక దన్ను పెట్టి హైటెన్సైల్ బోల్టులు బిగించారు. రేపు తియ్యాలన్నా స్పానరుతో వచ్చేస్తాయి.

ఇక ఆ పెట్టె. ప్యూజో స్ట్రోకు 83, డీఐ స్ట్రోకు నూటొకటి. స్ట్రోకు పెరిగితే బ్లాకు ఎత్తు పెరుగుతుంది. ఇంజన్ కిందికి దించుదామంటే సంపు ముందు యాక్సిల్‌కి తగులుతుంది. గుంటలో పడ్డప్పుడు యాక్సిల్ పైకి లేస్తుంది కదా, ఆ సందు కూడా వదలాలి. పైకి లేపితే పెట్టె మూత పడదు. కింద సంపుని ఒక పక్క కోసి అతికించారు, ఆయిల్ కొలత తగ్గకుండా వెనక వైపు లోతు పెంచి. పైన పెట్టెని టింకరింగ్ షాపులో కొంచెం ఎత్తు చేయించాం. ఇప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాడు డ్రైవరుతో మాట్లాడాలంటే మెడ చాచాలి. లోపల అల్యూమినియం రేకు, దాని వెనక గ్లాస్‌వూల్ కూరాం. అయినా వేడి వస్తుంది. చప్పుడైతే చెప్పక్కర్లేదు. అమ్మ ఒకసారి ఎక్కి, నున్న దాకా వచ్చి, తిరుగు ప్రయాణం బస్సులో వచ్చింది.

రేడియేటర్ దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో 45 దగ్గరికి పోతుంది, మా సీజను సరిగ్గా అప్పుడే. పాత రేడియేటర్ కోరు తీసేసి నాలుగు వరసల ట్యూబులతో కొత్త కోరు కట్టించాం. ఫ్యాను రేడియేటర్‌కి దగ్గరగా ఉన్నా సరిపోదు, చుట్టూ రేకు గూడు ఉండాలి. లేకపోతే ఫ్యాను రేడియేటర్ లోంచి గాలి లాగదు, పక్కనున్న వేడి గాలినే చిలుకుతూ కూర్చుంటుంది. మా బండిలో ఇంజన్ మూసిన పెట్టెలో ఉంది కాబట్టి వచ్చిన గాలి వెనక నుంచి బయటికి పోయే దారి కూడా చూడాలి. ఆ దారి కోసం పెట్టె వెనక గోడకి జాలీ పెట్టించాం.

డీజిల్ ట్యాంకు దించి కడిగితే బుడమేరు బురద ఇంకా వచ్చింది. కొత్త పైపులు, నీళ్ళు వేరుచేసే గిన్నె, కొత్త ఫిల్టర్లు. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపు పాతది సన్నగా ఉందని అదీ మార్చారు. పంపు, నాజిళ్ళు మేం కొన్నప్పుడు బాగానే ఉన్నా, టెస్ట్ బెంచీ మీద పెట్టించి సరిచేయించాం. సైలెన్సర్ పైపు పాతది కుదరలేదు, కొత్తది వంచారు. సెల్ఫుకి లావు కేబుల్, పెద్ద బ్యాటరీ. డీఐ బరువు ఎక్కువ కాబట్టి ముందు కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేశారు.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు నాన్న కూడా వచ్చాడు. ముందు ఎయిర్ తియ్యాలి. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతుంటే నురగ వస్తుంది. నురగ పోయి డీజిల్ తీగలాగా వచ్చేదాకా కొట్టాలి. తర్వాత నాజిళ్ళ దగ్గర నట్లు ఒక్కొక్కటే వదులు చేసి సెల్ఫు. ఒకటి తగులుకుంది, తర్వాత రెండు, కాసేపు కుంటుతూ తెల్లపొగ, ఆపైన నాలుగూ అందుకున్నాయి. షాపు కుర్రాడు స్టాప్ నాబ్ పట్టుకుని నించున్నాడు. ఎందుకని అడిగితే, పంపు పట్టేసి ఇంజన్ అదుపు తప్పి తిరగడం మొదలెడితే ఆపేది ఆ తాడేనన్నాడు. అది కూడా పనిచెయ్యకపోతే గాలి గొట్టం మూసెయ్యడానికి బాబాయ్ చెక్క ముక్క పట్టుకుని ఇవతల నించున్నాడని తర్వాత గమనించాను.

ఆటోనగర్ నుంచి రామవరప్పాడు రింగు, అక్కడి నుంచి ఊళ్ళోకొచ్చి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కి నున్న వైపు. ఫ్లైఓవర్ మీద మూడో గేరులోనే ఎక్కింది. ప్యూజో అయితే రెండో గేరు అడిగేది. కానీ పరిగెత్తదు. దీనికి లెక్కుంది. మా యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ ఐదుసార్ల పైన తిరగాలి. మూడో గేరు నేరు గేరు, ఇంజన్ ఎంత తిరిగితే గేర్‌బాక్సు కూడా అంతే తిప్పుతుంది. మా టైరు చుట్టుకొలత 2.4 మీటర్లు. ఇంజన్ 3000 మీద ఉంటే గంటకి 80 కిలోమీటర్లు, అంతకు మించి అడగకూడదు. 60లో వెళ్తే ఇంజన్ 2250 దగ్గర ఉంటుంది, అదే దానికి హాయి. హైవే మీద 90లో పోవాలనుకునేవాళ్ళు యాక్సిల్ పళ్ళు కూడా మార్చాలి, అది వేరే ఖర్చు. మేం పోయేది నూజివీడు రోడ్డు మీద. అక్కడ గేదెలే 60కి ఒప్పుకోవు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి, ఇంజన్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకుని, ఛాసిస్ నంబరు కూడా అట్లాగే తీసుకున్నాడు. పొగ పరీక్షలో ఇట్లాంటి పాత డీజిల్ బళ్ళకి హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. పంపు సరిచేయించిన పుణ్యమా అని మాది 50 లోపే వచ్చింది. కొత్త నంబరుతో ఆర్సీ వచ్చింది.

మొత్తం ఖర్చు లక్షా నలభై వేలు దాటింది. అందులో ఇంజన్ 60 వేలే. మిగతాదంతా లేత్, టింకరింగ్, రేడియేటర్, పంపు బెంచీ, క్లచ్, పైపులు, రబ్బర్లు, బోల్టులు. బోల్టులకి అంతవుతుందని నాకెవరన్నా ముందు చెప్తే నవ్వేవాణ్ణి. బడ్జెట్ వేసుకునేవాళ్ళు ఇంజన్ ధర ఎంతో, కనీసం ఇంకో అంత పక్కన పెట్టుకోండి. డబ్బు చాలకపోతే సైలెన్సరో సీట్లో ఆపుకోవచ్చు. బెల్ హౌసింగ్ కొలత, రేడియేటర్ మాత్రం ఆపుకోవద్దు.

మొదటి ఐదొందల కిలోమీటర్లకి ఆయిలు, ఫిల్టరు మార్చాం, హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించి ట్యాపెట్లు సరిచేశాం. సీజనంతా కాయ తోలాం. వేడి సూది ఒక్కసారి కూడా ఎరుపు దాకా పోలేదు. మైలేజీ ప్యూజో కంటే కొద్దిగా మెరుగు, లీటరుకి పదకొండు దాకా ఇస్తోంది, కాయ ఉంటే తక్కువ. ఇప్పుడున్న పేచీ ముందు బ్రేకులు. కొత్త లాగుడికి పాత డ్రమ్ములు చాలట్లేదు. దానికి బూస్టర్ పెట్టాలి, బూస్టర్‌కి వాక్యూమ్ పంపున్న ఆల్టర్నేటర్ కావాలి. బాబాయ్ వెతుకుతున్నాడు.

నాలుగు గేర్ల పెట్టె షెడ్డులో అట్లాగే ఉంది. ప్యూజో హెడ్డుని తెనాలి నుంచి ఎంఎం 540 జీపు ఉన్నాయన వచ్చి పట్టుకెళ్ళాడు. క్రాంకు ఇంకా మా దగ్గరే ఉంది. విప్పగానే గ్రీజు పూసి చుట్టి పెట్టాం కాబట్టి తుప్పు లేదు, కొలిపించాం, స్టాండర్డ్ సైజే, ఇంతవరకు గ్రైండింగ్ పడలేదు. ప్యూజో బతికించుకుంటున్నవాళ్ళెవరికైనా కావాలంటే ఇచ్చేస్తాం.